ఉత్తి పిలుపు

ఆ వీధిలో అందరూ ఆవిడను జడ్జమ్మ అంటారు. ఆవిడ కోర్టు గుమ్మం ఎక్కింది లేదు, చదువు కూడా అంతంతమాత్రమే. అయినా తీర్పులు చెప్పడంలో ఆవిడను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఎవరింటి అల్లుడు పనికిమాలినవాడో, ఏ కొట్టువాడు తూకంలో చేతివాటం చూపిస్తాడో, ఏ డాక్టరు మందిస్తే రోగం పోతుందో, ఏ డాక్టరు మందిస్తే ఏకంగా రోగే పోతాడో, అన్నిటికీ ఆవిడ దగ్గర తీర్పు తయారుగా ఉంటుంది. దానిమీద అప్పీలు ఉండదు.

వృత్తి ఇస్త్రీ. మొగుడు పోయిన ఏడాదే బొగ్గుల ఇస్త్రీపెట్టె చేతబట్టి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇద్దరికీ పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. కరెంటు పెట్టె వచ్చింది, గోడకి ఫ్యాను వచ్చింది. ఆవిడ మాత్రం మూలన స్టూలు మీద కూర్చుని, కొడుకు ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కా కాలరూ వేలితో తడిమి చూసి గానీ కవర్లో పెట్టనివ్వదు. నలగని బట్ట, మచ్చలేని మాట, తనకున్న ఆస్తి ఈ రెండే అని చెప్పుకునేది. చెప్పుకోవడానికి ఆవిడకు హక్కు ఉంది కూడా.

ఒక్క విషయంలోనే ఆ మాటకి మచ్చ పడింది. మీ కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "పెద్ద తోటలో ఆఫీసు పని" అని చెప్పి, వెంటనే ఎండల గురించో దోమల గురించో ఎత్తుకునేది. తోట అనడం పూర్తిగా అబద్ధం కాదు. జూ నిండా చెట్లే. ఆఫీసు కూడా అందులో ఎక్కడో ఒక మూల ఉంది. కానీ కోడలు పనిచేసేది ఆ ఆఫీసులో కాదు, ఖడ్గమృగం దగ్గర. దానికి మేత వేయడం, ఒళ్లు కడగడం, పేడ ఎత్తడం, పుండుపడ్డ కాలికి మందు పట్టించడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఇంటికి తెచ్చుకున్న కోడలు పేడ ఎత్తుతోందని వీధిలో ఎలా చెప్పను, తలకొట్టేసినట్టుంటుంది కదా అని జడ్జమ్మ బాధ.

ఆ బాధ ఇస్త్రీలో మాత్రం కనబడేది కాదు. కోడలి ఖాకీ బట్టల్ని రెండు వేళ్లతో పట్టుకెళ్లి విడిగా నానబెట్టేది, ముక్కు పక్కకి తిప్పుకుని ఉతికేది, ఆరాక మాత్రం కలెక్టరు బట్టలకైనా చేయనంత శ్రద్ధగా ఇస్త్రీ చేసేది. చేతుల మీద మడత కత్తి అంచులా ఉండాలి.

"ఖడ్గమృగానికి ఈ మడతలు కనబడవు అత్తయ్యా, దానికి చూపే సరిగ్గా ఆనదు" అని కోడలు నవ్వేది.

"దానికి ఆనకపోతే నాకు ఆనుతుంది. మన కొట్టు పక్కనుంచే కదా నడిచి వెళ్తావు" అనేది జడ్జమ్మ.

ఆ ఖడ్గమృగం పేరు బుజ్జమ్మ. మనిషేమో, అంటే మృగమేమో, లారీ అంత ఉంటుంది. పేరు మాత్రం ఉయ్యాల్లో పసిపిల్లకి పెట్టినట్టు పెట్టారు. అది వేరే ఊరి జూ నుంచి వచ్చింది. అక్కడ ఎవరో ఖాళీ బకెట్టు చూపించి పిలిచారట. తిండి అనుకుని నమ్మి వస్తే, పెద్ద బోనులో పెట్టి తలుపు బిగించి లారీ ఎక్కించారట. ఇక ఆ రోజునుంచి బుజ్జమ్మ ఎవరు పిలిచినా రావడం మానేసింది. సాయంత్రం షెడ్డులోకి తోలాలంటే వెనకనుంచి డబ్బాలు మోగించి బెదిరించాలి. అప్పటికీ మొండికేసి ఒక్కోరోజు వానలోనే నిలబడిపోయేది. బురదలో నాని నాని కాలికి పుండుపడింది. పుండుకి రోజూ మందు పట్టించాలంటే అది షెడ్డులోకి రావాలి. రమ్మంటే రాదు. పెద్ద పెద్ద కీపర్లే చేతులెత్తేశారు.

అప్పటికి కోడలు ఆ జూలో దారులు ఊడ్చే మనిషి. చీపురు పక్కన పెట్టి, "నేను పిలిచి చూడనా" అని అడిగితే అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ పిలవనిచ్చారు. పిలిచింది, మేత పెట్టింది, అది రాకపోయినా పెట్టిన మేత అక్కడే వదిలేసి వచ్చేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిలవడం అంటూ జరిగితే అక్కడ తిండి ఉండాలి. తిండి లేనప్పుడు సరదాకైనా పిలవకూడదు. ఆ ఒక్క నియమం పట్టుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిపింది. చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం బుజ్జమ్మ తల లోపలికి పెట్టింది. మర్నాడు కాళ్లు కూడా పెట్టింది. పెద్ద ఆఫీసరు చీపురు తీసుకుని ఖాకీ బట్టలిచ్చాడు. బుజ్జమ్మ దగ్గర పనిచేసే ఎవరైనా సరే ఉత్తి పిలుపు పిలవకూడదు అని కోడలు పెట్టిన నియమం అప్పటినుంచి అక్కడ అందరికీ నియమమైంది.

ఈ కథంతా కోడలు తన కూతురికి రాత్రిపూట అన్నం తినిపిస్తూ చెప్పేది. జడ్జమ్మ గోడవైపు తిరిగి పడుకుని, తనకేమీ పట్టనట్టు ఉండేది. కానీ ఏ రోజైనా కథ చెప్పకుండా పిల్లని నిద్రపుచ్చితే, చీకట్లోంచి "ఇంతకీ ఇవాళ ఆ కాలు ఎలా ఉంది" అని గొంతు వినిపించేది.

ఏడాదికోసారి జూలో పనిచేసేవాళ్ల ఇళ్లవాళ్లందరినీ పిలిచి, జంతువులన్నీ చూపించి, భోజనం పెట్టి పంపిస్తారు. ఇన్నేళ్లూ జడ్జమ్మకి సరిగ్గా ఆ రోజే మోకాలు నొప్పి వచ్చేది. ఈసారి మనవరాలు ముందురోజే నానమ్మ మోకాలికి నూనె రాసి కూర్చుంది. ఇక సాకు దొరకలేదు.

సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న అల్లుడు కూడా బయల్దేరాడు. కూతురికి సెలవు దొరక్క మొగుణ్ణి పంపింది. అల్లుడు చెడ్డవాడు కాదు. కానీ ఎదుటివాడి గాలి తీస్తే తప్ప అన్నం అరగని మనిషి. బస్సులో కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, మీ అమ్మ పిలిస్తే ఖడ్గమృగం పరిగెత్తుకుంటూ వస్తుందటగా?"

"పరిగెత్తదు మావయ్యా. నడుచుకుంటూ వస్తుంది" అంది పిల్ల.

"నేను పిలిస్తే మా ఇంట్లో పిల్లి కూడా రాదు. ఖడ్గమృగం వస్తుందంటే చూసి తీరాల్సిందే. వీడియో తీస్తాను. రాకపోతే మాత్రం మీ ఇంటి గొప్పలన్నీ ఉత్తి గొప్పలే అని రాసి పెడతాను."

పిల్ల మొహం ఎర్రబడింది. "వస్తుంది" అని మాత్రం అంది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కొడుకు ఎప్పటిలాగే నోట్లో నాలుక లేనట్టు నవ్వాడు.

జూలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి జడ్జమ్మ తీర్పులు మొదలయ్యాయి. జిరాఫీని చూసి, ఆ మెడకి కాలరు కుట్టాలంటే దర్జీ నిచ్చెనెక్కాలి అంది. చారల గుర్రం ఇస్త్రీ బాగుంది అంది. కోతులు ఫరవాలేదు, మన వీధి వాళ్లకంటే మర్యాదగానే ఉన్నాయి అంది. సింహం నిద్రపోతుంటే కాసేపు చూసి, "మగాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకి నడిచింది. కొడుకూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కానీ ఆవిడ కళ్లు జంతువుల మీద కంటే మనుషుల మీదే ఎక్కువ ఉన్నాయి. గేటు దగ్గర కాపలావాడు కోడల్ని చూసి లేచి నిలబడ్డాడు. నీళ్ల ట్యాంకరు నడిపేవాడు బండి ఆపి, "అక్కా, మీ అత్తగారా?" అని అడిగి చేతులు జోడించాడు. ఏనుగుల దగ్గర పనిచేసే ఒక ముసలాయన, "మీ కోడలు లేకపోతే ఆ బుజ్జమ్మ ఎప్పుడో పోయుండేదమ్మా" అన్నాడు. జడ్జమ్మ కొంగు రెండుసార్లు సర్దుకుంది, నడక కాస్త నిటారైంది.

మధ్యాహ్నానికి బుజ్జమ్మ దగ్గరికి చేరారు. ముందు ఇనుప కంచె, దాని అవతల లోతైన కందకం, ఆపైన పెద్ద మైదానం. మైదానం చివర బురదగుంటలో బూడిద రంగు గుట్ట ఒకటి కనిపించింది. అదే బుజ్జమ్మ వీపు. కంచె పొడవునా ఇతర ఉద్యోగుల ఇళ్లవాళ్లు, పిల్లలు. అంతా ఆ వీపునే చూస్తూ, అది ఎప్పుడు లేస్తుందా అని నిలబడి ఉన్నారు.

"అమ్మా, పిలువు" అంది పిల్ల.

"ఇప్పుడు కాదమ్మా."

"ఒక్కసారి."

"పిలిస్తే వస్తుంది. వచ్చాక ఏం పెట్టను? మేత వేళ సాయంత్రం. అది కూడా వెనక షెడ్డులో పెడతాం. ఇక్కడినుంచి ఏమీ పెట్టకూడదు."

"ఏం పెట్టకపోతే ఏమవుతుంది చెల్లెమ్మా, వచ్చి మమ్మల్ని చూసిపోతుంది" అన్నాడు అల్లుడు, ఫోను సరిచేసుకుంటూ.

"దానికి మనల్ని చూడాలని లేదు అన్నయ్యగారూ" అని కోడలు నవ్వేసింది. భోజనం పొట్లాలు పంచుతున్నారని ఎవరో కేకేస్తే, మొగుణ్ణి తోడు తీసుకుని అటు వెళ్లింది.

వాళ్లు చెట్ల మలుపు తిరగ్గానే అల్లుడు అందుకున్నాడు. "చూశావా, పొట్లాల పేరు చెప్పి జారుకుంది. ఆ ఖడ్గమృగం రాదే పిచ్చిదానా. మీ అమ్మ నీకు అన్నం తినిపించడానికి చెప్పిన కథ అది. కథల్లో అలాగే వస్తాయి."

పిల్ల కంచె రెండు చేతులా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ కిందికి జారనివ్వడం లేదు. పక్కన నిలబడ్డ ఎవరో కూడా ఈ మాటలు విని నవ్వారు.

జడ్జమ్మకి ఒళ్లు మండింది. కోడల్ని మాట అనే హక్కు ఈ ప్రపంచంలో తనొక్కర్తికే ఉందని ఆవిడ అభిప్రాయం. దాన్ని అల్లుడు చేతిలోకి తీసుకోవడం ఆవిడకు నచ్చలేదు. అంతకంటే పెద్ద విషయం, పిల్ల కళ్లలో అమ్మ అబద్ధం చెప్పిందేమో అన్న అనుమానం ఇప్పుడిప్పుడే తొంగిచూస్తోంది. దాన్ని అక్కడే తుడిచేయాలి.

"మీ అమ్మ దాన్ని ఎలా పిలుస్తుందే?" అని అడిగింది మెల్లగా.

"నువ్వు నన్ను అన్నానికి పిలుస్తావు చూడు నానమ్మా, వీధిలో ఆడుకుంటుంటే. అలాగే. అమ్మ నీ దగ్గరే నేర్చుకున్నానంది."

ఇంతకాలం తన గొంతు ఈ గోడల మధ్య రోజూ వినబడుతోందని ఆవిడకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. లోపల ఎక్కడో ఏదో పొంగింది. కంచె దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని, సాయంత్రం వీధి చివరిదాకా వినబడేలా పిలిచినట్టు పిలిచింది.

"దా... దా... దావే నా తల్లీ... దా..."

బురదగుంటలో బూడిద గుట్ట కదిలింది. రెండు చెవులు లేచి ఇటు తిరిగాయి. తరవాత మొత్తం ఒళ్లే లేచింది, బురద నీళ్లు జారుతూ. బుజ్జమ్మ ఒక్కో అడుగే వేస్తూ, కుంటికాలు జాగ్రత్తగా ఆనించుకుంటూ, మైదానమంతా దాటి నేరుగా జడ్జమ్మ ఎదురుగా కందకం అంచుకి వచ్చి ఆగింది.

జనం చప్పట్లు కొట్టారు. పిల్ల గంతులేసింది. అల్లుడు నోరు తెరిచి, తీస్తున్న వీడియో సంగతే మర్చిపోయాడు. "ఎవరండీ ఆవిడ?" అని వెనక ఎవరో అడుగుతున్నారు. జడ్జమ్మ తల తిప్పకుండా నిలబడింది. ఆవిడ జీవితంలో ఎన్నో తీర్పులు చెప్పింది గానీ, ఇంత బరువైన తీర్పు ఇంత మంది ముందు ఎప్పుడూ చెప్పలేదు. "ఏం బాబూ, కథేనా ఇది?" అంది అల్లుణ్ణి చూసి.

చప్పట్లు ఆగిపోయాయి. బుజ్జమ్మ మాత్రం కదల్లేదు. పై పెదవి ముందుకి సాచి కందకం అంచు రాయిని తడిమింది. అక్కడ ఏమీ లేదు. ఎడమవైపు తడిమింది. కుడివైపు తడిమింది. చెవులు ఇటూ అటూ తిప్పుతూ, పిలిచిన గొంతు ఇంకేమైనా అంటుందేమోనని కాచుకుని నిలబడింది. ఆ నిలబడడం చూస్తుంటే జడ్జమ్మకి ఎందుకో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి బుజ్జమ్మ ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

జడ్జమ్మ కూడా తిరిగింది. చెట్ల మలుపులో కోడలు రెండు చేతుల్లో పొట్లాలు పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం చుక్క లేదు.

చెట్టు కింద భోజనాలు ముగిసేదాకా కోడలు పల్లెత్తు మాట అనలేదు. పిల్లకి ముద్దలు కలిపి పెట్టింది, అల్లుడికి మంచినీళ్లు అందించింది. అరిచినా బాగుండేది అనుకుంది జడ్జమ్మ. అరిచేవాళ్లతో ఎలా వేగాలో ఆవిడకు బాగా తెలుసు. ఉండబట్టలేక తనే అడిగింది.

"ఇప్పుడేమైందని? వచ్చింది కదా."

"వచ్చింది అత్తయ్యా. అదే కదా భయం." కోడలు పొట్లం మడిచి పక్కన పెట్టింది. "వచ్చిన దానికి ఏమీ దొరకలేదు. ఇంతకుముందు దాన్ని ఇలాగే మోసం చేశారు. ఇప్పుడు మనం కూడా అలాంటివాళ్లమే అనుకుంటుంది."

"నేను మోసం చేయడమేమిటి" అని గొణిగింది జడ్జమ్మ. ఆ మాట తన చెవికే అతకలేదు. ఇక కొడుకు వైపు తిరిగి చొక్కా నలిగిందని కసిరింది. పాపం ఆ చొక్కా నలగలేదు.

సాయంత్రం మిగతా కుటుంబాలన్నీ గేటువైపు కదిలాయి. మబ్బు కమ్ముకుంటోంది. అప్పుడు ఆ రోజు డ్యూటీలో ఉన్న కీపరు, పెద్ద మీసాలాయన, ఆయాసపడుతూ వచ్చాడు.

"అమ్మాయ్, అది రావడం లేదు. మేత పెట్టి పిలిచాను. చెవి కూడా ఇటు తిప్పలేదు. వానొచ్చేలా ఉంది. కాలికి మందు పట్టించాలి."

కోడలు మంచి చీరలోనే లేచి ఆయన వెంట వెళ్లింది. బెంచీ మీద కూర్చున్న జడ్జమ్మకి చెట్ల అవతలినుంచి కోడలి గొంతు వినిపించింది. దా... దా... దావే నా తల్లీ. అచ్చం తన గొంతే, కాస్త లేతగా. కాసేపు ఆగి మళ్లీ వినిపించింది. తరవాత నిశ్శబ్దం. జడ్జమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పుతూ కూర్చుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కోడలు పడ్డ కష్టం తను ఒక్క కేకతో ఊడ్చేసింది. ఆ సంగతి ఇప్పుడు ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

కోడలు తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది. "అత్తయ్యా, మీరు రావాలి."

"నేనా? నేనొచ్చి ఏం చేయను? చేసింది చాలదా?"

"మీరు పిలిచారు. మీరే పెట్టాలి. మీ గొంతు విని వచ్చి ఉత్తి మూతితో వెళ్లింది. మళ్లీ మీ గొంతు వినాలి, అక్కడ తిండి ఉండాలి. అప్పుడుగానీ దాని మనసు కుదుటపడదు. పెద్దాఫీసరుతో చెప్పాను, సరేనన్నారు."

"నేను కూడా వస్తాను, ఇదైతే అదిరిపోయే వీడియో" అని లేచాడు అల్లుడు.

జడ్జమ్మ లేచి నిలబడింది. "బాబూ, నువ్వు ఇక్కడే కూర్చో. ఆ ఫోను జేబులో పెట్టుకో. నేనొచ్చేదాకా అది బయటికి రాకూడదు." అల్లుడు కూర్చున్నాడు. ఫోను జేబులోకి వెళ్లింది. అప్పీలు లేదు.

షెడ్డు వెనక మీసాలాయన తన రబ్బరు బూట్లు విప్పి ఇచ్చాడు. జడ్జమ్మ వాటిలో కాళ్లు దూర్చి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర మోకాళ్లకి ఎగ్గట్టుకుంది. పేడ వాసన గుప్పుమంది. ముక్కు పక్కకి తిప్పుకోబోయి, ఎందుకో మానేసింది. కోడలు బకెట్టు అందించింది. నిండా క్యారెట్లు, అరటిపళ్లు, ఆకుల కట్టలు. లావుపాటి ఇనుప కమ్మీల మధ్యనుంచి మైదానం కనిపిస్తోంది. చివర్న బుజ్జమ్మ ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఒక్కసారి పిలవండి. పిలిచి ఆగండి" అంది కోడలు.

జడ్జమ్మ పిలిచింది. గొంతు వణికింది. బుజ్జమ్మ కదల్లేదు. వెంటనే మళ్లీ పిలవబోతే కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. వెంటవెంటనే పిలిస్తే అది మన తొందర అని దానికి తెలిసిపోతుంది. ఆగాలి."

"ఎంతసేపు?"

"అది ఆలోచించుకునేంతసేపు."

జడ్జమ్మ ఎవరికోసమూ ఆగిన మనిషి కాదు. మొగుడు, పిల్లలు, బట్టలిచ్చేవాళ్లు, అంతా ఆవిడకోసం ఆగినవాళ్లే. ఇప్పుడు ఎవరివో బూట్లు తొడుక్కుని, బరువు బకెట్టు పట్టుకుని, ఒక జంతువు ఆలోచన తెగేదాకా నిలబడింది. చేతులు లాగుతున్నాయి. బకెట్టు కింద పెడదామనుకుంటే, ఆ చప్పుడు విని ఖాళీది అనుకుంటుందేమో అని పెట్టలేదు. పక్కన కోడలు ఊపిరి కూడా తీయనట్టు నిలబడి ఉంది. ఈ పిల్ల ఇలా ఎన్ని సాయంత్రాలు నిలబడిందో కదా, ఇంటికొచ్చి ఒక్కరోజైనా చేతులు లాగుతున్నాయని అన్లేదు కదా అనుకుంది జడ్జమ్మ. వాన చినుకులు రేకుల మీద పడ్డాయి.

అప్పుడు మళ్లీ పిలిచింది. ఈసారి గొంతు వణకలేదు.

బుజ్జమ్మ చెవి ఒకటి తిరిగింది. తరవాత తల తిరిగింది. అది వచ్చిన తీరు మధ్యాహ్నంలా లేదు. నాలుగడుగులు వేసి ఆగడం, వాసన పట్టడం, మళ్లీ రెండడుగులు. గుమ్మం దగ్గర చాలాసేపు ఆగిపోయింది. జడ్జమ్మ ఆకుల కట్ట కమ్మీల సందులోంచి ముందుకి చాపింది. పై పెదవి మెల్లగా, మనిషి వేలు కదిలినట్టు కదిలి, ఆవిడ మణికట్టు తడిమి, తరవాత కట్ట అందుకుంది.

"తినవే తల్లీ. తిను. తప్పు నాదే" అంది జడ్జమ్మ. ఆ మాట ఆవిడ నోట విన్నవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు.

బుజ్జమ్మ షెడ్డులోకి వచ్చి నిలబడింది. జడ్జమ్మ ఒక్కో అరటిపండు అందిస్తుంటే, కోడలు కిందనున్న సందులోంచి చెయ్యి పెట్టి ఆ కుంటికాలు కడిగింది, మందు పట్టించింది. అంత పెద్ద ప్రాణి కాలు కదపలేదు. జడ్జమ్మ పైనుంచి చూసింది. బట్టమీద మరక తీసేటప్పుడు తను పెట్టే శ్రద్ధే కోడలి వేళ్లలో ఉంది. దారం కూడా దెబ్బతినకుండా తీయాలి, లేకపోతే మరక పోయినా బట్ట పోతుంది. ఈ చేతుల్ని దాచిపెట్టుకుని తను ఇన్నాళ్లు తోట అనీ ఆఫీసు అనీ చెప్పుకుంటూ తిరిగింది. జడ్జమ్మ కళ్లు నిండాయి. గర్వంతోనే నిండాయి, కాకపోతే ఇంత ఆలస్యంగా వచ్చిన గర్వానికి కాస్త సిగ్గు కూడా అంటుకుని ఉంది.

షెడ్డు తలుపు జారి మూసుకున్నాక జడ్జమ్మ అడిగింది, "రేపు నీ పిలుపుకి వస్తుందా?"

కోడలు వెంటనే వస్తుందని అనలేదు. "తెలీదు అత్తయ్యా. రేపు పిలిస్తే గానీ తెలీదు" అంది.

మర్నాడు జడ్జమ్మ కొట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. ఎవరి చొక్కానో కొడుకు అడ్డంగా మడిచినా పట్టించుకోలేదు. పొద్దువాలే వేళకి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎదురింటావిడ, పక్కింటి పంతులమ్మ, మందుల కొట్టాయన పెళ్లాం ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు.

"ఎవరికోసం చూస్తున్నారండీ?" అంది పంతులమ్మ.

"మా కోడలికోసం. అది జూలో ఖడ్గమృగాన్ని చూసుకుంటుంది. పేడ ఎత్తుతుంది, కాలు కడుగుతుంది. అది పిలిస్తే ఆ ఖడ్గమృగం వస్తుంది, అంతకుముందు ఎవరు పిలిచినా వచ్చేది కాదు. నిన్న నేను ఉత్తి చేతులతో పిలిచి అంతా పాడుచేశాను. ఇవాళ వస్తుందో రాదో తెలీక పొద్దున్నించీ ముద్ద దిగలేదు."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తోటలో ఆఫీసు పని అన్నారు కదండీ?" అంది ఎదురింటావిడ.

"అన్నాను. ఆ తీర్పు నేనే కొట్టేశాను."

ఎవరూ లేచి వెళ్లలేదు. కాసేపట్లో ఆ సంగతి పక్క మెట్లకీ ఎదురరుగుకీ పాకింది. కొడుకు ఇస్త్రీపెట్టె నిలబెట్టి గుమ్మంలోకి వచ్చాడు. మనవరాలు ఆట మానేసి నానమ్మ పక్కన కూర్చుంది. వీధి మొత్తం మలుపు వైపే చూస్తోంది.

మలుపులో ఖాకీ బట్టలు కనిపించాయి. రోజంతా పనిచేసి నలిగిపోయిన ఖాకీ బట్టలు, మోకాళ్ల దాకా బురద. కోడలు ఇంతమంది తనకేసి చూస్తుండడం గమనించి, ఏం జరిగిందోనని కంగారుగా ఆగిపోయింది. జడ్జమ్మ ఆగలేకపోయింది. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినబడేలా అడిగింది.

"వచ్చిందా?"

కోడలికి అర్థమైంది. మొదట సిగ్గుపడింది. తరవాత వీధి మధ్యలోనే నిలబడి, తను కూడా గొంతెత్తి చెప్పింది.

"మొదటి పిలుపుకే వచ్చింది, అత్తయ్యా."

జడ్జమ్మ మోకాలి సంగతి మర్చిపోయి గబగబా ఎదురు నడిచింది. కోడలి భుజం మీద సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. బురద చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అరుగుల మీదున్న వాళ్లందరి వైపూ తిరిగింది.

"విన్నారుగా" అంది. "అదీ మా కోడలు."